కొన ఎటువైపు

బ్రాడీపేట నాలుగో లైన్లో
జెరాక్సు షాపు మీద నా పచ్చబొట్ల గది.
మే నెల. కరెంటు పోయి పోయి వచ్చింది.
తేజోవర్ధన్ అని, డ్రమ్ములు వాయిస్తాడు,
ఇంజనీరింగు మూడో సంవత్సరం,
ఫోన్లో బొమ్మ చూపించి చెయ్యి చాచాడు:
తలకిందులైన ఐదు కొనల చుక్క,
అందులో మేక తల.

"సైతాను బొమ్మక్కా. మీకేం అభ్యంతరం లేదుగా?"
గోడ మీది సిలువ కేసి చూస్తూ అడిగాడు.
"నువ్వు నమ్ముతావా వాణ్ణి?"
"వాణ్ణీ నమ్మను, దేవుణ్ణీ నమ్మను.
మా ఇంట్లో నా మాట ఎవరూ వినరు. అంతే."

నవ్వాపుకుని గ్లవ్సు తొడుక్కున్నాను.

మా నాయనమ్మ చేతి మీదా చుక్క ఉండేది.
నల్లపాడు చివర, పచ్చబొట్లావిడ
దీపం మసిలో ఆకు పసరు కలిపి
మూడు సూదులు ఒక్కటిగా కట్టి పొడిచిందట.
కూలి మానెడు జొన్నలు.
ఐదు కొనలెందుకే అంటే
"చేతికి ఐదు వేళ్ళెందుకే?" అనేది.
అప్పటికామె అంకమ్మ.
కొలుపుల్లో మేకను పోలేరమ్మ ముందు నిలబెట్టి
నీళ్ళు చల్లి
అది ఒళ్ళు జలదరించేదాకా ఊపిరి బిగబట్టే జనంలో ఒకతె.
జలదరిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు.
ఆ మేకకూ కొమ్ములున్నాయి. మేక కొమ్ములే అవి.
వాటి వెనక ఎవరూ దాక్కుని లేరు.
పోలేరమ్మకు సైతాను పేరు తెలీదు,
ఎవరూ వెళ్ళి చెప్పలేదు.

తర్వాత నెత్తిన నీళ్ళు పడి మార్తమ్మ అయింది.
ఆదివారం బడిలో నాన్న రంగుల అట్ట తెరిచేవాడు:
ఎర్రటి ఒళ్ళు, మేక కొమ్ములు, చేతిలో మూడు ముళ్ళ శూలం.
"వీడే!" అనేవాడు వేలు పెట్టి.
నేను వెనక బెంచీ కేసి చూశాను.
నాయనమ్మ చెయ్యి కొంగు కిందికి పోయింది.
అమ్మవారి శూలానికి నిమ్మకాయ గుచ్చుతారు,
వీడి శూలానికి నిమ్మకాయ లేదు.
ఏడేళ్ళ నాకు దొరికిన తేడా అదొక్కటే.

ఒకే బిందె రెండిళ్ళలో కనిపిస్తే
దొంగెవరని అరుస్తారు,
బావి ఎవరిదని అడగరు.

ఇన్ని చేతులు పొడిచాక ఇప్పుడు అనిపిస్తుంది,
ఈ పిల్లాడి చుక్కకు చాలా సామాను కావాలి.
తిరగేయడానికి ముందొక సిలువ,
వెనక నుంచి చదవడానికొక గ్రంథం,
అలగడానికి, కచ్చితంగా, ఒక తండ్రి.
ఆమె చుక్క ఎవరి మీదా అలగలేదు.
వాన పడాలి, గేదె ఈనాలి,
పిల్లకి పోసిన అమ్మవారు దిగాలి.

పెట్టెలో పడుకోబెట్టాక
నాన్న ఆమె తెల్ల జాకెట్టు చెయ్యి మణికట్టుదాకా లాగి
పిన్నీసు పెట్టాడు.
లేపే రోజున దేవుడు చూస్తాడేమోనని.
ఆ పిన్నీసు నా పరికిణీది. మళ్ళీ అడగలేదు నేను.

కాగితం అంటించి తీశాను.
"అక్కా, నిటారుగా వేశారే! కొన పైకుంది."
"చెయ్యి కిందికి వదులు."
వదిలాడు. కొన నేల చూసింది.
"ఇప్పుడు ఎత్తు."
డ్రమ్ము మీద దెబ్బ వెయ్యబోయేవాడిలా ఎత్తాడు.
కొన ఫ్యానును చూసింది, మేక తలకిందులై వేలాడింది.
"మరి అసలుది ఏది?"
నేను సూది ఆన్ చేశాను.

బొమ్మలో మేక కళ్ళు ఎర్రనివి.
ఎరుపు అయిపోయిందని అబద్ధం చెప్పి
మామూలు మేక కళ్ళు పెట్టాను,
పాపలు అడ్డంగా, కొంచెం బెదురుగా.

రెండు గంటల తర్వాత
చల్లటి నీళ్ళు చల్లి తుడిచాను.
మెడ నుంచి మడమ దాకా
పిల్లాడి ఒళ్ళు జలదరించింది.

"సరే, ఒప్పుకుంది," అన్నాను.

"ఎవరు?" అన్నాడు.